ముందు కొర్రమీను నోరు కొలవండి, తర్వాత పిల్ల వదలండి

తమ్ముడూ, మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. బద్వేలు వైపు మీ ఊరి చెరువు అరవై ఎకరాలు. అక్టోబరులో నీళ్లు నిండగానే సంఘం డబ్బుతో రెండు అంగుళాల పిల్లలు ముప్పై వేలు తెచ్చి వదిలారు. బొచ్చె (కట్ల), రోహు, మోసు (మృగాల) కలిపి. ఏప్రిల్‌లో వల లాగితే ఆ జాతులన్నీ కలిపి నాలుగు వందలు కూడా రాలేదు. కొర్రమీన్లు మాత్రం డెబ్బై దాకా పడ్డాయి. వాటిలో నాలుగైదు రెండేసి కిలోలు, మిగతావి ఎక్కువగా పావుకిలో. ఇప్పుడు సంఘంలో సగం మంది "కొర్రమీన్లను ఒక్కటి కూడా లేకుండా చేస్తేనే మనకు చేప దక్కుతుంది" అంటున్నారు. మిగతా సగం మంది "కిలోకు బొచ్చె కన్నా రెండు మూడు రెట్లు పలికేది అదే, దాన్నే పెంచుదాం" అంటున్నారు. ఏది చేయాలి, ఒకే చెరువులో ఒకటి రెండు కిలోలు, ఇంకొకటి పావుకిలో ఎందుకు ఉంటున్నాయి అని అడిగారు.

అనంతపురం, కడప జిల్లాల్లో ఇరవై ఆరేళ్లుగా చెరువులు వేలంలో పాడి చేపలు పెంచుతున్నాను. నేను తేల్చుకున్న మాట ముందే చెప్తాను. మీ పిల్లలను తిన్నది కొర్రమీనే అయి ఉండొచ్చు. కానీ దాని నోట్లో పట్టే సైజులో తెచ్చి వదిలింది మనం. పిల్ల సైజు మారిస్తే అదే చెరువులో రెండూ దక్కుతాయి.

2014 వేసవిలో శింగనమల వైపు ఒక చెరువులో నేను చూసింది చెప్తాను. అప్పటికి నాకూ మీలాగే రెండు మూడేళ్లు వరుసగా పిల్లలు మాయమయ్యాయి. ఆ రోజు పొద్దున గాలానికి కిలోకి దగ్గరగా ఒక కొర్రమీను పడింది. కట్ట మీదే కోసి చూశాం. గొంతులో ఒక రోహు పిల్ల తోక ఇంకా బయటికే ఉంది. కడుపులో మరో రెండు, తలలు లోపలి వైపు, తోకలు గొంతు వైపు. వేటచేప సాధారణంగా తల వైపు నుంచే మింగుతుంది. అప్పుడు పిల్ల రెక్కలు, ముళ్లు వెనక్కి మడుచుకుని సులువుగా జారతాయి. అడుగున సగం అరిగిన జిలేబి చేప (తిలాపియా) ఒకటి, ఒక చిన్న కప్ప కాలు. ఆ మూడు రోహు పిల్లలనూ ఆకు మీద పెట్టి కొలిచాం. పొడవు మూడు అంగుళాలు, మూడున్నర. తర్వాత ఆ కొర్రమీను నోరు రెండు వేళ్లతో తెరిచి అడ్డంగా కొలిచాను. రెండు అంగుళాలకు కాస్త తక్కువ. నా దగ్గర మిగిలిన నారు పిల్లల్లో పెద్దదాని వీపు నుంచి కడుపు దాకా ఎత్తు కొలిస్తే అంగుళం లేదు. అక్కడే నాకు విషయం అర్థమైంది. నేను అన్నేళ్లుగా చెరువు ఎన్ని ఎకరాలు, పిల్లలు ఎన్ని వేలు అనే లెక్కలే వేశాను. వేయాల్సిన లెక్క నోటిది.

కొర్రమీనుకు పళ్లున్నాయి కానీ అది కొరికి ముక్కలు చేసి తినే చేప కాదు. మాటు వేసి ఒక్క ఊపున అందుకుని, మొత్తంగా మింగుతుంది. కాబట్టి ఎర పొడవు కన్నా ఎర ఒడ్డు ముఖ్యం, అంటే వీపు నుంచి కడుపు దాకా ఉన్న ఎత్తు. నోటి వెడల్పు కన్నా ఆ ఒడ్డు ఎక్కువైతే ఆ పిల్ల బతికినట్టే. ఇక్కడ మన మూడు జాతులూ ఒకటి కాదు. బొచ్చె వెడల్పాటి చేప, తొందరగా ఒడ్డు తిరుగుతుంది. నాలుగు అంగుళాల బొచ్చె పిల్ల ఒడ్డు అంగుళంపావు దాకా ఉంటుంది. అదే పొడవు రోహు అంగుళం దగ్గర ఆగుతుంది. మోసు ఇంకా సన్నం. పైగా అది అడుగున బురదలో మేస్తుంది, కొర్రమీను మాటు వేసేదీ చెరువు అంచు బురద, తుంగలోనే. అందుకే వేటచేపలున్న చెరువులో మొదట తగ్గిపోయేది మోసు. మీ వలలో పడిన నాలుగు వందల్లో బొచ్చెలే ఎక్కువ ఉండి ఉండాలి. గుర్తు తెచ్చుకుని చూడండి.

ఇప్పుడు మీ చెరువు లెక్క వేద్దాం. వలకు డెబ్బై పడ్డాయంటే చెరువులో రెండు వందలైనా ఉంటాయి. ఎందుకంటే లాగుడు వలకు కొర్రమీను అంత సులువుగా రాదు. వల తాడు తగలగానే బురదలోకి తల దూర్చి పడుకుంటుంది, వల మీద నుంచి పోతుంది. లేదా ఎగిరి అవతల పడుతుంది. రెండు వందల చేపలు సగటున అరకిలో అనుకుంటే వంద కిలోల వేటచేప. నీళ్లు వెచ్చగా ఉన్న రోజుల్లో అవి ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు తిన్నా రోజుకు రెండు కిలోల ఆహారం కావాలి. మీరు వదిలిన రెండు అంగుళాల పిల్ల బరువు గ్రామున్నర, రెండు గ్రాములు. అంటే రోజుకు వెయ్యికి పైగా పిల్లలు. ముప్పై వేలు నెల రోజుల మేత. అవి కప్పలు, పక్కెలనే చిన్న చేపలు, రొయ్యలు, పురుగులు కూడా తింటాయి కాబట్టి సగమే మీ పిల్లలనుకోండి. రెండు నెలలు. సంక్రాంతి నాటికి చెరువు ఖాళీ.

అదే నాలుగు అంగుళాల పిల్ల అయితే ఒక్కోటి పది పన్నెండు గ్రాములుంటుంది. ఆ రెండు కిలోలకు నూట ఎనభై పిల్లలు చాలు. అంతకన్నా ముఖ్యం, మీ చెరువులో ఎక్కువగా ఉన్న పావుకిలో కొర్రమీను నోట్లో ఆ పిల్ల చాలా వరకు పట్టదు. దాని నోరు అంగుళం దగ్గర ఉంటుంది. తినగలిగేవి వలకు పడ్డ ఆ నాలుగైదు లాంటి పెద్దవే. చెరువులో ఒక్క కొర్రమీనునూ తగ్గించకుండానే, తినే నోళ్లు రెండు వందల నుంచి పది పదిహేనుకు పడిపోతాయి.

అయితే తప్పంతా కొర్రమీను మీదే వేయకండి. నేను ఒకసారి అలా వేసి ఏడాది నష్టపోయాను. ఆ ఏడు దూరం నుంచి లారీలో పిల్లలు వచ్చాయి. ఎండ నడినెత్తికి వచ్చాక చెరువు చేరాయి. సంచులు కోసి నేరుగా నీళ్లలో కుమ్మరించారు. సంచిలో నీరు వేడి, చెరువు నీరు చల్లన. మరుసటి రోజు గాలి కొట్టిన ఒడ్డున తెల్లగా తేలాయి. తేలినవే కనిపిస్తాయి, మునిగినవి కనిపించవు. సంచిని మూతి కట్టి ఉండగానే పదిహేను ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వాలి. తర్వాత మూతి విప్పి చెరువు నీరు కొంచెం కొంచెంగా లోపలికి పోయాలి. పిల్లలే ఈదుకుంటూ బయటికి రావాలి. పొద్దున్నే గానీ, పొద్దు వాలాక గానీ వదలాలి. తూముకు జాలీ లేకపోతే కాలువ వెంబడి పొలాల్లోకి పోయే పిల్లలు ఎన్నో. మరవ (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) పారినప్పుడు నీటికి ఎదురెక్కేవి కొన్ని, కిందికి కొట్టుకుపోయేవి కొన్ని. చలికాలంలో నీటికాకులు గుంపుగా దిగితే వాటి వాటా వాటిదే. మీ చెరువులో ఇవన్నీ ఎంత ఉన్నాయో మీకే తెలియాలి. కొర్రమీన్లు దొరికాయి కాబట్టి అవే తిన్నాయనుకోవడం తొందరపాటు. ఐదు చేపల కడుపులు కోసి చూస్తే నిజం తెలుస్తుంది.

ఇక రెండో ప్రశ్న. నాకు ఎక్కువ ఇష్టమైన ప్రశ్న కూడా ఇదే. ఒకటి రెండు కిలోలు, ఒకటి పావుకిలో ఎందుకు?

మొదట కొలత సంగతి. పావుకిలో కొర్రమీను పొడవు దాదాపు ముప్పై సెంటీమీటర్లు. నలభై ఉంటే అరకిలో దాటుతుంది. యాభై ఉంటే కిలో పైన. అరవై ఉంటే రెండు కిలోల దరిదాపు. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఎందుకంటే చేప పొడవుతో పాటు ఒడ్డు, మందం కూడా పెరుగుతాయి. కాబట్టి బరువులో ఎనిమిది రెట్ల తేడా చూసి వయసులో ఎనిమిది రెట్ల తేడా అనుకోకూడదు. రెండూ ఒకే ఏడు పుట్టినవి కూడా కావచ్చు.

ఎలాగంటే, కొర్రమీను గుడ్డు పగిలిన కొత్తలో అన్ని పిల్లలూ ఒకటే. కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు తింటాయి. తొలకరి తర్వాత తుంగ పక్కన నీళ్ల మీద ఎర్రగా, నిప్పు రవ్వల గుంపులా సుళ్లు తిరిగే పిల్లలను మీరు చూసే ఉంటారు. కిందే తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. చెయ్యి పెడితే వచ్చి గుద్దుతాయి. ఆ ఎరుపు పోయి ఒళ్లు నల్లబడే రోజుల్లో గుంపు విడిపోతుంది. అప్పుడు పురుగుల నుంచి చేపకు ఎవరు ముందు మారతారో వాళ్లదే గెలుపు. చిన్న పక్కెనో, జిలేబి పిల్లనో ముందు పట్టిన పిల్ల వారంలోనే తోబుట్టువుల కన్నా నోరు పెద్దది చేసుకుంటుంది. తర్వాత తోబుట్టువులనే తింటుంది. కొర్రమీను పిల్ల తన పొడవులో సగం దాటిన పిల్లను కూడా మింగగలదు, ఎందుకంటే వాటి ఒళ్లు సన్నం. పిల్లలను పుట్టించే హేచరీల్లో వారం వారం సైజుల వారీగా వేరు చేసేది ఈ భయంతోనే. చెరువులో వేరు చేసేవాళ్లెవరూ ఉండరు. కొన్ని పెద్దవవుతాయి, కొన్ని మిగిలిపోతాయి, చాలా వరకు కడుపులోకి పోతాయి.

అలా మిగిలిపోయినవి ఎందుకు అక్కడే ఆగాయంటే, మేత లేక. పావుకిలో చేప నోటికి అంగుళం లోపు ఒడ్డున్న చేపలు కావాలి. మీరు వదిలిన పిల్లలు డిసెంబరు నాటికి అయిపోయాయి. మిగిలిన బొచ్చెలు దాని నోటికి పట్టవు. మిగిలింది కప్పలు, పురుగులు. అవి ప్రాణం నిలుపుతాయి గానీ బరువు పెంచవు. వేటచేప కిలో బరువు పెరగాలంటే దాదాపు ఐదు కిలోల చిన్న చేపలు తినాలి. దొరికేది అందులో సగమైతే అది వేటకు తిరగడానికే ఖర్చయిపోతుంది. వేటచేపలు పెద్దగా ఎదిగిన చాలాచోట్ల వెనుక ఎవరో ఒకరు తెచ్చి పోసిన మేత ఉంటుంది. బ్రిటన్‌లో గాలం వేసేవాళ్ల కోసం ట్రౌట్ చేపలను తెచ్చి వదిలే జలాశయాలున్నాయి. అక్కడ ఆ ట్రౌట్‌లను తినే వేటచేప పేరు పైక్. 1992లో వేల్స్‌లోని లాండెగ్‌వెడ్ జలాశయంలో 21 కిలోలు దాటిన పైక్ దొరికింది. ఆ దేశపు రికార్డుగా అది చాలా ఏళ్లు నిలిచింది. మీ రెండు కిలోల కొర్రమీను కూడా మీ ముప్పై వేల పిల్లల డబ్బుతో పెరిగినదే.

ఇంకో కారణం మన సీమకే ప్రత్యేకం. మన చెరువులు ఏడాదంతా నిండి ఉండవు. అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల దరిదాపు. కడప వైపు కొంచెం నయం. ఏప్రిల్, మే నెలల్లో చెరువు మడుగుగా మారి, తర్వాత బురదగా మారుతుంది. బొచ్చె చచ్చిపోతుంది. కొర్రమీను చావదు. దానికి మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చుకునే గది ఉంది. నీళ్లలో ఉన్నా కాసేపటికోసారి పైకి వచ్చి గాలి గుటక వేసి పోతుంది. తెల్లవారుజామున కట్ట మీద కూర్చుంటే "గుబుక్" మని వినిపించేది అదే. తడి బురదలో బొరియ చేసుకుని, ఒంటికి జిగురు పట్టించుకుని, వాన కోసం పడుకుంటుంది. ఆ రోజుల్లో తిండి ఉండదు, ఒంట్లో కొవ్వు కరుగుతుంది. కాబట్టి మూడేళ్ల కొర్రమీను అయినా మన చెరువుల్లో నికరంగా పెరిగింది ఏడాదిన్నరే కావచ్చు. ఏడాది పొడవునా నీళ్లుండే పెద్ద జలాశయంలో దొరికే చేపతో మన చెరువు చేపను పోల్చుకుని బాధపడకండి.

చలి కూడా ఒక లెక్కే. డిసెంబరు, జనవరిలో నీళ్లు చల్లబడితే కొర్రమీను అరుగుదల తగ్గి, వేట మందగిస్తుంది. మళ్లీ శివరాత్రి దాటి నీళ్లు వేడెక్కాక ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే మన చెరువు కుంచించుకుపోతూ ఉంటుంది. అరవై ఎకరాల్లో చెల్లాచెదురుగా ఉన్న చేపలన్నీ పదెకరాల్లోకి వస్తాయి. వేటచేపకు వెతికే పని తప్పుతుంది. పైగా తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గి, బొచ్చెలు, రోహులు నోరు తెరుచుకుని పైకి వస్తాయి. కొర్రమీనుకు ఆ ఇబ్బంది లేదు కదా, హాయిగా వేటాడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో దాని నోట్లో పట్టే చేపలు ఎన్నున్నాయో, వాటికి ఆ రెండు నెలలు గండం. మార్చి మొదట్లోనే ఒక పట్టు పట్టి అమ్మేయమని నేను చెప్పేది అందుకే. ధర కోసం ఉగాది దాకా ఆపితే చేప మిగలదు.

మీ సంఘంలో మొదటి సగం చెప్పే "నాశనం" గురించి ఇప్పుడు. నర్సరీ గుంతల్లో పిల్లలు వదిలే ముందు వేటచేపలను తీసేయడానికి ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి) వాడతారు. మీటరు లోతుకు ఎకరాకు టన్ను దాకా పడుతుంది. అందులోని విషం చేపల రక్తం మీద పనిచేస్తుంది. రెండు మూడు వారాల్లో దాని ప్రభావం పోయి ఎరువుగా మారుతుంది. పావు ఎకరా గుంతకు అది సరైన పద్ధతి. అరవై ఎకరాలకు అరవై టన్నులు ఎక్కడ తెస్తారు? తెచ్చినా, బురదలో బొరియ చేసుకున్న కొర్రమీనుకు అది చేరదు. ఇక కొందరు పొలానికి కొట్టే పురుగుమందు పోద్దాం అంటారు. ఆ మాట సంఘంలో ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపండి. ఆ నీళ్లు పశువులు తాగుతాయి, ఆయకట్టు మళ్లలోకి పోతాయి, చాకిరేవు అక్కడే, పిల్లలు ఈత కొట్టేది అక్కడే. పక్కెలు, పురుగులు, నత్తలు అన్నీ పోయాక ఆ చెరువు మళ్లీ కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీ చెరువు పక్కనే పోరుమామిళ్ల చెరువు ఉంది. 1369 నాటి శాసనం ఇప్పటికీ అక్కడ ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేవో, ఆరు దోషాలేవో అందులో చెక్కించారు. అంత ఆలోచించి కట్టిన నేల మీద మనం ఒక పంట చేప కోసం విషం పోయకూడదు.

కొర్రమీను లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. మీరు రాయలేదు గానీ మీ చెరువులో జిలేబి ఉండే ఉంటుంది. 1952లో మన దేశానికి తెచ్చిన చేప అది. ఇప్పుడు లేని చెరువు లేదు. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెడుతుంది, గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది, నెలా నెలన్నరకోసారి కొత్త సంతానం. దాన్ని తినే చేప లేకపోతే రెండేళ్లలో చెరువంతా అరచేతి కన్నా చిన్న జిలేబిలే. రోహుకు దక్కాల్సిన మేత అవే తింటాయి. వాటికి ధర లేదు, కూలి కూడా రాదు. నేను 2016లో ఒక చెరువులో పట్టుబట్టి కొర్రమీన్లను దాదాపు లేకుండా పట్టించాను. గాలాలు, ఊతలు (నీళ్లలో బోర్లించి చేప పట్టే బుట్టలు), ఎండిన బురద తవ్వడం, అన్నీ చేశాం. తర్వాతి ఏడు పిల్లలు బాగానే బతికాయి. ఆ పై ఏడు వల లాగితే క్వింటాళ్ల కొద్దీ జిలేబి, వాటి మధ్య ముప్పావుకిలో కూడా లేని రోహులు. మళ్లీ నేనే పక్క చెరువు నుంచి కొర్రమీన్లు తెచ్చి వదిలాను.

ఎన్ని ఉంచాలి అనేదానికి ఒక పాత కొలత పనికొస్తుంది. అమెరికాలో ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త ఎన్నో చెరువులు ఖాళీ చేయించి, చేపలన్నీ తూచి చూశాడు. తినబడే చేపల మొత్తం బరువు, వేటచేపల మొత్తం బరువుకు మూడు నుంచి ఆరు రెట్ల మధ్య ఉన్న చెరువులు బాగా కుదురుగా ఉన్నాయని 1950లో రాశాడు. అక్కడి చేపలు వేరు, నీళ్లు వేరు. అయినా వేసవిలో చెరువు మడుగైనప్పుడు రెండు కుప్పలుగా పోసి తూస్తే మన చెరువు ఏ వైపు ఒరిగిందో తెలిసిపోతుంది. కొర్రమీను, జెల్ల, మట్టగిడస ఒక కుప్ప. జిలేబి, పక్కె, మన పెంపకం చేప ఒక కుప్ప. రెండో కుప్ప రెట్టింపు కూడా లేకపోతే వేటచేప ఎక్కువైనట్టు. పది రెట్లుంటే తక్కువైనట్టు. మీ ఏప్రిల్ లెక్క చూస్తే మీది మొదటి రకంలా ఉంది, తూచాక తేలుతుంది. తగ్గించాలి, తుడిచేయకూడదు.

వాలుగ అనే ఇంకో వేటచేప సంగతి మాత్రం వేరు. దానికి నేను ఈ మర్యాద ఇవ్వను. 2021 నవంబరు వానలకు నా చెరువు మరవ మూడు వారాలు పారింది. ఆ నీటికి ఎదురెక్కి వాలుగలు వచ్చాయి. పొలుసు లేని ఒళ్లు, కన్ను దాటి వెనక్కి చీలిన నోరు, పొడవాటి మీసాలు. రాత్రి పూట మీసాలతో వెతుక్కుంటూ వేటాడుతుంది కాబట్టి ఎర్ర నీళ్లు దానికి అడ్డం కాదు. మరుసటి ఏడు మూడు కిలోల వాలుగ కడుపులో ముప్పావుకిలోకి దగ్గరగా ఉన్న రోహు దొరికింది. అంత నోట్లో నాలుగు అంగుళాల పిల్లేమిటి, ఏ సైజు పిల్ల అయినా పట్టేస్తుంది. అదృష్టం ఏమిటంటే వాలుగకు కొర్రమీనులా గాలి పీల్చే ఏర్పాటు లేదు, బురదలో బతకలేదు. చెరువు ఒక్కసారి ఎండితే పోతుంది. ఏటా ఎండే చెరువుకు వాలుగ భయం నీళ్లతో వచ్చినదే, నిలవ ఉండేది కాదు. కేసీ (కర్నూలు-కడప) కాలువ నీళ్లు చేరే చెరువులకు, జలాశయం వెనక నీళ్లకు దగ్గరగా ఉన్న చెరువులకు మాత్రం ఏటా జాగ్రత్త కావాలి. చెరువులో ఉంటే పట్టేయండి. నదిలో, జలాశయంలో ఉన్నదాన్ని వదిలేయండి. అక్కడ అది తగ్గిపోతోంది, ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న చేపల జాబితాలో ఉంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మాత్రం ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకండి. దాని పెంపకం నిషేధం. మరవ దాటి పెన్నలో పడితే వెనక్కి తెచ్చేవాళ్లు లేరు.

ఇక మీ చెరువుకు నేనైతే ఏం చేస్తానో చెప్తాను.

మేలో మడుగు మిగిలినప్పుడు ఊతలతో కొర్రమీన్లు పట్టండి. కిలో దాటినవన్నీ అమ్మేయండి. పిల్లలకు ముప్పు వాటి నోళ్లే, ధర పలికేదీ అవే. పావుకిలో, అరకిలో వాటిలో కొన్నింటిని వదిలేయండి. జిలేబి పిల్లలను అదుపు చేసేది ఆ సైజే. చెరువు నడుమ కంపచెట్లు మొలిచి ఉంటే కొంత కొట్టించండి. మొత్తం వద్దు. కంప ఎక్కువైతే వల సాగదు, మాటుకు చోటు ఎక్కువ. అసలు లేకపోతే దొంగవలలకు దారి.

చెరువు అంచున పావు ఎకరా గుంత ఒకటి తవ్వించండి, బోరు నీళ్లు అందే చోట. జూలైలో ఇప్పచెక్క వేసి, మూడు వారాలు ఆగి, ఆగస్టులో అంగుళం పిల్లలు తెచ్చి అందులో వదలండి. పైన పక్షులకు దారాలు కట్టండి. మేత మన దగ్గర దొరికేదే, తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లు. చెక్కను రాత్రి నానబెట్టి, పొద్దున తవుడుతో ముద్ద చేసి, గోతాం సంచికి కన్నాలు చేసి కట్టెకు వేలాడదీస్తే వృథా కాదు. రెండు, రెండున్నర నెలల్లో నాలుగు అంగుళాలకు వస్తాయి. గుంత ఇరుకైతే సైజు రాదు కాబట్టి ఆశపడి ఎక్కువ పోయకండి. కైకలూరు వైపు ఏడాది ఆపి పెంచి అమ్మే జీరో సైజు పిల్లలు నూరు గ్రాములు దాటి ఉంటాయి. డబ్బుంటే అవి ఇంకా మేలు. కానీ అంత దూరం రవాణాలో దెబ్బ తినకుండా తేగలరో లేదో ముందు చూసుకోండి.

పెద్ద చెరువులోకి ముప్పై వేలు అక్కర్లేదు. ఎకరాకు రెండు వందల చొప్పున పన్నెండు వేలు చాలు. అందులో సగం బొచ్చె, మోసు మాత్రం వెయ్యి దాటకుండా, మిగతాది రోహు. లెక్క కోసం సగమే బతికి, మార్చికి అరకిలో చొప్పున వచ్చాయనుకున్నా మూడు టన్నులు. మొన్నటి నాలుగు వందల చేపలతో పోల్చి చూసుకోండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా సంఘంలో గాలం బాగా వేసేవాళ్లకు వారంలో రెండు రోజులు కొర్రమీను వేటకు అనుమతి ఇవ్వండి. కప్ప ఎరకు పెద్దవే పడతాయి. అలా ఏడాది పొడవునా చేతిలో డబ్బు ఆడుతుంది. తొలకరిలో ఎర్ర గుంపు కింద కాపలా ఉన్న జంటను మాత్రం పట్టనివ్వకండి. తల్లీ తండ్రీ పోతే ఆ గుంపును మిగతా చేపలు పొద్దు గూకేలోపు తినేస్తాయి.

కొర్రమీనునే పంటగా పెంచుదాం అనేవాళ్లకు నా జవాబు, పెంచుకోండి, కానీ ఈ చెరువులో కాదు. దానికి చిన్న చెరువు, హేచరీలో గుళికల మేతకు అలవాటు చేసిన పిల్ల, చుట్టూ వల కంచె కావాలి. వాన రాత్రి అది ఎగిరి, గట్టెక్కి పాకుతూ పోతుంది. ఎనిమిది పది నెలలకు ముప్పావుకిలో దాకా తేవచ్చు. మేత ఖర్చు గట్టిగానే ఉంటుంది. అది వేరే వ్యవసాయం, సంఘం డబ్బుతో కాకుండా ఒకరిద్దరు సొంతంగా చేసి చూడాల్సింది.

ఇప్పటికి చేయాల్సింది ఒక్కటే. ఈ నెలలో మడుగు మిగిలినప్పుడు, సైజుకు ఒకటి చొప్పున ఐదు కొర్రమీన్లు తీసుకోండి. పొడవు, బరువు, నోటి వెడల్పు కొలవండి. కడుపు కోసి లోపల ఏముందో చూసి ఒక కాగితం మీద రాసి పంపండి. రెండు కుప్పల బరువు కూడా తూచి రాయండి. గుంత ఎంత లోతు తవ్వాలో, చెక్క ఎన్ని బస్తాలు కొనాలో ఆ కాగితం చూసి చెప్తాను.